‘సీమ వైన్లు’ అంటే ఏ సీమవి?

ముప్పై రెండేళ్ళకు రిటైర్ అయ్యానంటే నవ్వుతారు. నవ్వండి. ఏడేళ్ళు ఒకే పని చేసి, ఇక చెయ్యకుండా బయటికొచ్చిన మనిషిని ఇంకేమనాలో నాకూ తెలియదు. పింఛను లేదు, శాలువా కప్పలేదు, నా గురించి ఎవరూ రెండు మంచి మాటలు మైకులో చెప్పలేదు. మైకంటే నాకు భయం కాబట్టి ఆ చివరిది మంచిదే అయింది.

నా పని రెస్టారెంట్ల వైన్ లిస్టులకు మార్కులు వేయడం. బెంగళూరులో ఒక ఆఫీసు ఏటా ఒక గైడ్ వేస్తుంది. అందులో ‘ప్రాంతీయ లిస్టు’ అని ఒక విభాగం ఉంటుంది. అంటే ఎక్కడెక్కడివో సీసాలు తెప్పించి వరసగా పెట్టకుండా, తమ చుట్టుపక్కల పండిన ద్రాక్షతో చేసిన వైన్లనే నమ్ముకున్న రెస్టారెంట్లు. ఆ విభాగం నాది. ఈమధ్య ఇద్దరు ముగ్గురు హోటల్ మేనేజ్‌మెంట్ అమ్మాయిలు ఈ పనిలోకి ఎలా రావాలని అడిగారు. ఎలా రావాలో ఎవరైనా చెబుతారు. లోపల ఎలా ఉంటుందో, నేను ఎక్కడ తప్పు చేశానో రాస్తే ఎక్కువ ఉపయోగం అనుకున్నాను.

మా వీధిలో నేను టీచర్ని

మాది ధర్మవరం. నాయన పట్టుచీరలు నేస్తాడు. మా వైపు ‘వైన్స్’ అని బోర్డు ఉంటే అది బ్రాందీ షాపు. అందులో అన్నీ దొరుకుతాయి, వైన్ తప్ప. అందుకే ఉద్యోగం వచ్చిందని ఫోన్ చేసినప్పుడు నాయన మగ్గం ఆపేశాడు.

“వైన్స్‌లోనా పాపా?” అన్నాడు.

“వైన్స్‌లో కాదు నాయనా. పెద్ద హోటళ్ళలో. వాళ్ళ లిస్టు బాగుండాదా లేదా అని చూసి మార్కులేస్తా.”

“తాగల్లా?”

“రోంత. ఒగ గుక్క నోట్లో పోసుకోని రుచి చూడల్ల.”

“ఆ రోంత సంగతి మీ అమ్మకి చెప్పాకు. మార్కుల సంగతి ఒగటే చెప్పు.”

అమ్మ ఆ మార్కుల సంగతిని పక్కింటికి చేరవేసింది. వారం తిరిగేసరికి వీధి మొత్తానికి నేను బెంగళూరులో టీచర్నయ్యాను. ఇప్పటికీ ఊరికి వెళితే “ఏం పాపా, సెలవులిచ్చినారా?” అంటారు. ఇచ్చారనే చెబుతాను.

బెంగళూరులో దీనికి తిరగేసిన కథ. కాలేజీలో చేరిన మొదటి వారం ‘యాడ’, ‘ఈడ’ అన్నానని క్లాసంతా నవ్వారు. ఆ సాయంత్రమే డైరీలో ‘ఎక్కడ, ఇక్కడ, అక్కడ’ అని చిన్నపిల్లలా పదిసార్లు రాసుకున్నాను. ఆ తర్వాత నేను పుస్తకంలో అచ్చయినట్టే మాట్లాడాను. ఉద్యోగం దరఖాస్తులో హాస్టల్ అడ్రసు రాశాను. ఇంటర్వ్యూలో “మీది బెంగళూరేనా అమ్మా?” అని అడిగితే తల ఊపాను. బిడియస్తులకు తల ఊపడమంత సులువైన పని ఇంకొకటి లేదు. ఆ ఒక్క ఊపు ఏడేళ్ళు నడిచింది.

పుస్తకం పట్టుకుని కూర్చోవాలి

ఎవరితోనూ కలవలేని మనిషికి ఇది చాలా హాయైన ఉద్యోగం. వేరే పేరుతో టేబుల్ బుక్ చేస్తారు. మూలన కూర్చుంటారు. ఎదురుగా ఒక నవల తెరిచి పెట్టుకుంటే ఎవరూ పలకరించరు. ఒంటరిగా తినే అమ్మాయిని చూసి జాలిపడేవాళ్ళు కూడా, చేతిలో పుస్తకం కనిపిస్తే మీ జోలికి రారు. ఈ ఉద్యోగంలో నేను చదివినన్ని నవలలు ఏ లైబ్రరీలోనూ చదవలేదు.

ప్రాంతీయ లిస్టును చూసేటప్పుడు ముందు పొడవు మరిచిపోండి. అందరికంటే తక్కువ ధర సీసా ఏదో చూడండి. అది బాగుంటే లిస్టు రాసిన మనిషి నిజాయితీపరుడు. తర్వాత ఎవరూ అడగని సీసా ఏదని అడగండి. “అన్నీ బాగా పోతాయండీ” అన్నారంటే వాళ్ళు లిస్టు చదవలేదని అర్థం. పక్కన వంటల లిస్టు పెట్టుకుని, రెండూ ఒకరినొకరు ఎరుగుదురా అని చూడండి. ముద్దపప్పు, గోంగూర వడ్డించే చోట పాలమీగడ వంటకాలకు సరిపోయే వైన్లు పెట్టుకుని కూర్చునేవాళ్ళు ఉన్నారు.

వైన్ గురించి గట్టిగా మాట్లాడే మగవాళ్ళు ఈ పనిలో చాలామంది. వాళ్ళను చూసి బెదరకండి. గ్లాసు తిప్పినంత మాత్రాన నాలుక పని చేస్తుందని లేదు.

మా రావు గారు

మా పెద్దాయన కామేశ్వరరావు గారు, గైడ్‌కు సంపాదకుడు. కాకినాడ వైపు మనిషి. అరవై దాటినా ఇస్త్రీ చొక్కా నలగదు, మాట తూలదు. ఈ పనిలో నాకు తెలిసినదంతా ఆయన పెట్టిన భిక్షే.

మొదటి ఏడాది వేరే ఊళ్ళో ఒక రెస్టారెంటుకు పూర్తి మార్కులు వేసి తెచ్చాను. నలభై వైన్లు, అన్నీ మన దేశంవే, పైన ‘మా నేల’ అని పేరు. ఆయన రిపోర్టు చదివి పక్కన పెట్టారు.

“ముప్పై ఎనిమిదోది ఎక్కడి తోటదమ్మా?”

“తెలియదు సార్.”

“వడ్డించినవాడికి తెలుసా?”

“అడగలేదు సార్.”

“అయితే వాళ్ళ పట్టిక పొడుగు కొలిచి వచ్చారన్నమాట. దానికి మీరెందుకు, టేపు పంపితే సరిపోయేదిగా.”

మళ్ళీ వెళ్ళి అడిగాను. వడ్డించే ఆయనకు నలభైలో ఆరు తోటలు తెలుసు. మార్కులు సగానికి పడిపోయాయి.

రుచి రాయడం కూడా ఆయనే నేర్పారు. రిపోర్టు ఇంగ్లీషులోనే ఇవ్వాలి కానీ, నోట్లో ఉండగా మాత్రం తెలుగులో రాసుకోమన్నారు. అప్పటినుంచి నా డైరీ నిండా వక్క నమిలిన వగరు, లేత చింతచిగురు పులుపు, ఎండలో వాడిన నేరేడుపండు. ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు సగం జారిపోయేవి. మిగిలిన సగంతోనే నాకు మంచి పేరొచ్చింది.

ఆయనకు ఒక్క నియమం మీద రాజీ లేదు. ఎవరూ సొంత ప్రాంతానికి వెళ్ళి మార్కులు వేయకూడదు. “మనవాళ్ళ విస్తరి ముందు కూర్చుంటే నాలుక మన మాట వినదమ్మా” అనేవారు. నేను బుద్ధిగా వినేదాన్ని. బెంగళూరు అమ్మాయిని కదా, నాకేం ఇబ్బంది.

తడి గోనెసంచి

ఏడో ఏడాది నాకిచ్చిన కాగితాల్లో అనంతపురం నుంచి గుత్తికి పోయే దారిలో ఒక రెస్టారెంటు ఉంది. చూడగానే ‘సార్, ఇది నేను వెళ్ళకూడదు’ అనాలి. అనలేదు. అంటే ఎందుకని అడుగుతారు. పైగా జొన్నరొట్టె తిని మూడు నెలలైంది. రెండు కారణాల్లో ఏది పెద్దదో నన్నడగకండి.

మే నెల, మధ్యాహ్నం. బస్సు దిగి రోడ్డు దాటేలోపే చెప్పుల కింద తారు అంటుకుంది. లోపల పది టేబుళ్ళు, తిరుగుతున్న ఫ్యాన్లు. లిస్టు తెచ్చినావిడకు నలభై అయిదేళ్ళుంటాయి. కొంగు నడుముకు దోపుకుని ఉంది. పేరు రామలక్ష్మమ్మ అని తర్వాత తెలిసింది. ఒకప్పుడు ద్రాక్షతోటల్లో కాయలు కోసిన మనిషి. ఇప్పుడు ఇక్కడి వైన్లన్నీ ఆమె చేతిమీదే నడుస్తాయి.

లిస్టు చేత్తో రాసింది, తెలుగులో. పైన పెద్ద అక్షరాలతో ‘సీమ వైన్లు’. కింద పదకొండు పేర్లు. ఆ పేర్లు మాత్రం సీసాల మీద ఉన్నట్టే దొరల పేర్లలా ఉన్నాయి. వైన్ చేసే కంపెనీలకు అదొక సరదా. ఒక్కొక్కదాని పక్కన ఏ వంటతో తాగాలో రాసి ఉంది. బొరుగుల ఉగ్గాని, బజ్జీకి ఒకటి, నాటుకోడి పులుసుకు ఒకటి, ఓళిగలకు, అంటే బొబ్బట్లకు, తియ్యటిది ఒకటి.

నా అచ్చు తెలుగులో అడిగాను. “ఎర్ర వైన్ ఏ చల్లదనంలో ఇస్తారండీ? రూమ్ టెంపరేచర్‌లోనే ఇవ్వాలంటారు కదా.”

“పుస్తకంలో అట్లే రాసిండారు మేడమ్. ఆ రాసినోళ్ళ రూము అనంతపురంలో లేదు గదా! ఈడ రూములో పెడితే రసం మాదిరి కాగుతాది.”

ఆమె వెనకనుంచి తెచ్చిన సీసాకు తడి గోనెసంచి గుడ్డ చుట్టి ఉంది. వైన్ చేదబావి నీళ్ళంత చల్లగా ఉంది. అంతకు మించి చల్లగా ఉన్నా రుచి మూసుకుపోతుంది. ఏ హోటల్ మేనేజ్‌మెంట్ క్లాసులోనూ నాకు ఇంత బాగా ఎవరూ చెప్పలేదు.

“వీటిలో ఎవరూ అడగనిది ఏది?”

“ఇదో, ఏడోది.” వెంటనే వేలు పెట్టి చూపించింది. “రోంత ఒగరు. మొదటి గుక్కకి మొగం ముడుచుకుంటారు. రొట్టె, ఊరిబిండి పచ్చడి తిని మళ్ళీ తాగితే సీసా వదలరు. ఈ తోట నేను చూసిందే. రాళ్ళ చేను. నీళ్ళు లేక కాయ శనగ్గింజంతే అవుతాది, అందుకే ఆ ఒగరు.”

పదకొండింటికీ తోటలు చెప్పింది. అందులో తొమ్మిది నడిచి చూసినవి. రెండు సరిహద్దు అవతల కర్ణాటకవి, చూడలేదని తనే చెప్పింది. వైన్ చేసేది ఎక్కడైనా, కాయ మాత్రం ఈ మెట్టనేలదే ఉండాలని ఆమె పట్టు.

యజమాని ఓబులేసు గల్లా పెట్టె దగ్గర కూర్చుని అంతా వింటున్నాడు. నేను తింటుంటే వచ్చి ఎదురు కుర్చీ లాక్కున్నాడు. పుస్తకం తెరిచి ఉన్నా సరే. ఆ ఉపాయం మా వైపు పనిచెయ్యదని అప్పుడే తెలిసింది.

“ఎట్లుండాది మేడమ్?”

“బాగుందండీ.”

“బాగుంటే ఏమి, జనం బ్రాందీ ఉందా అంటారు. లేదంటే లేచి పోతారు. ఈయమ్మ మాట విని రెండేండ్లు చూస్తి. బెంగళూరు గైడ్‌లో పేరు పడితే హైవే మీద పోయే కార్లు నిలబడతాయంట. ఈతూరి పడల్ల. పడకపోతే ఈ లిస్టు తీసి బయట పారేసి, అందరి మాదిరి బ్రాందీ పెట్టుకుంటా.”

“పెట్టుకో అన్నా,” అంది రామలక్ష్మమ్మ గిన్నెలు తీస్తూ. “ఆ బ్రాందీ పోసేదానికి నేనుండను. మళ్ళా తోటకే పోతా, కత్తెర ఇంగా ఇంట్లోనే ఉండాది.”

నవ్వుతూనే అంది. కానీ ఆమె చూపు లిస్టు మీదే ఉంది. నేను నవల పేజీ తిప్పాను. ఏం చదివానో నాకే తెలియదు.

‘పైన రాసినట్టే’

ఆ లిస్టుకు నేను చాలా మార్కులు వేశాను. ఇప్పుడు వేసినా అవే వేస్తాను. నా తప్పు మార్కుల్లో లేదు. రిపోర్టులో ‘వైన్లు ఏ ప్రాంతానివి’ అని ఒక గడి ఉంటుంది. అందులో ‘లిస్టు పైన రాసినట్టే’ అని రాసి ఊరుకున్నాను. తోటల దగ్గర కూడా ‘పదకొండూ చెప్పారు’ అని అంకె వేశానే కానీ, అవి ఏ ఊళ్ళవో రాయలేదు. సీమ వైన్లు అంటే సీమవి. ఇంక చెప్పేదేముంది?

ఇది రాసిపెట్టుకోండి. మనం పుట్టి పెరిగిన మాటను వివరించాలని మనకు తట్టదు.

మార్కులు ఖాయం చేసే మీటింగులో రావు గారు, నేను, ఇంకో ఇద్దరు. ఆ ఇద్దరికీ తెలుగు రాదు. రావు గారు లిస్టు ఫోటోను కళ్ళజోడు పైకెత్తి చూశారు.

“మంచి రిపోర్టు. కానీ వీళ్ళను ఈ విభాగంలోకి ఎలా తీసుకుంటామమ్మా? సీమ వైన్లని వాళ్ళే రాసుకున్నారుగా.”

“అవును సార్,” అన్నాను, అర్థం కాక.

ఆయన మిగతా ఇద్దరికీ ఇంగ్లీషులో వివరించారు. సీమ అంటే విదేశం. సీమదొర, సీమ సరుకు, సీమసారా. వాళ్ళ తాతగారి కాలం నుంచీ ఆ మాటకు అదే అర్థం. కింద పేర్లు చూడండి, అన్నీ ఫ్రెంచి పేర్లలా లేవూ? ఇది దిగుమతి సీసాల పట్టిక, ప్రాంతీయ విభాగం కాదు.

ఆయన చెప్పినది తప్పు కాదు. గోదావరి వైపు ఆ మాటకు నిజంగానే అదే అర్థం. మాకేమో సీమంటే మా కాళ్ళ కింద ఉన్న ఎర్ర నేల. ఒక్క వాక్యం చాలు. నోరు తెరిచాను. ‘మీకెలా తెలుసమ్మా?’ అని అడుగుతారు. అప్పుడు నాది ఏ ఊరో చెప్పాలి, ఏ నియమం మీరి అక్కడికి వెళ్ళానో చెప్పాలి. ముగ్గురూ నా వైపే చూస్తున్నారు.

తల ఊపాను.

రావు గారు ఎర్ర సిరాతో ఒక గీత గీశారు. మరో రెస్టారెంటు కాగితం తీశారు.

పదకొండు పేజీలు

తర్వాత పదకొండు రోజులు డైరీలో అదే రాశాను. రామలక్ష్మమ్మకు ఏం చెప్పాలో, రావు గారికి ఏం చెప్పాలో, ఎంత బాగా రాశానో. పన్నెండో రోజు చదువుకుంటే సిగ్గేసింది. అంత చక్కటి వాక్యాలు రాసి దిండు కింద పెట్టుకుంటే గైడ్‌లో అక్షరం మారదు. డైరీ రాసేవాళ్ళకు ఈ జబ్బు ఉంటుంది. రాసేస్తే చెప్పేసినట్టే అనిపిస్తుంది. గైడ్ అచ్చుకు వెళ్ళడానికి ఇంకా నాలుగు రోజులుంది.

రావు గారి గదిలోకి వెళ్ళి కూర్చోకుండా నిలబడ్డాను. ఇంట్లో తయారుచేసుకున్న అచ్చు వాక్యం ఒకటి ఉంది. అది రాలేదు.

“సార్, సీమంటే ఫారిన్ కాదు సార్. సీమంటే మేము.”

“మేమంటే?”

“మాది ధర్మవరం సార్. బెంగళూరు కాదు. ఆ లిస్టులో ఉండేటివన్నీ మా పక్క ద్రాక్షే. మా పక్క రాయలసీమని ఎవరూ అనరు, ఉట్టి సీమే అంటారు. మీరు ఆ పొద్దే గీత కొడతాంటే నాకి తెలుసు సార్. చెప్పలేకపోయినాను.”

ఆయన కలం మూత పెట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు. ఆ మూత చేతిలోనే ఉంచుకుని అన్నారు:

“నేనొక మాట తప్పు చదివాను. ఆ రోజే చెప్పి ఉంటే నలుగురం నవ్వుకునేవాళ్ళం. నాకు అరవై నాలుగేళ్ళు, ఇంకా ఎన్ని మాటలు తప్పు చదవాలో. అది వదిలెయ్యండి. ఏడేళ్ళు నా ఎదురుగా కూర్చుని ఊరు పేరు దాచారా?”

“నవ్వుతారని, సార్.”

“ఎవరు?”

క్లాసులో నవ్వినవాళ్ళ మొహాలు కూడా నాకు గుర్తు లేవు.

“మీ రిపోర్టు చెల్లదు. తెలుసుగా?”

“తెలుసు సార్. రాజీనామా కూడా తెచ్చినాను.”

తీసుకున్నారు. వద్దనలేదు. నేను కాస్త వద్దంటారనుకున్నాను, అబద్ధమెందుకు. ఈ ఉద్యోగంలో దొరికిన మంచి పై అధికారి విలువ అదే. తనకు ఇష్టమైన మనిషి కోసం నియమం వంచని మనిషి, తన పొరపాటు దిద్దుకోవడానికి మర్నాడే బస్సెక్కాడు. అరవై నాలుగేళ్ళ మోకాళ్ళతో, మే చివరి ఎండలో, వేరే పేరుతో.

ఆయన వేసిన మార్కులు నా మార్కులకంటే తక్కువ. చూడని రెండు తోటల కోసం కోశారట. అయినా లిస్టు విభాగంలోకి వచ్చింది, గైడ్‌లో పేరు పడింది. న్యాయంగా చూస్తే ఆయన మార్కులే సరైనవి. నేను ఆ రెండు తోటలనూ ఎందుకు మాఫీ చేశానో అప్పుడు ఆలోచించలేదు.

పేరు

ఉద్యోగం మానేసిన మూడు నెలలకు ఆ రెస్టారెంటుకు ఫోన్ చేసి టేబుల్ అడిగాను. ఏడేళ్ళలో మొదటిసారి సొంత పేరు చెప్పాను. వరలక్ష్మి. అలవాటు లేక రెండుసార్లు చెప్పాను.

వెళ్ళేసరికి బయట మూడు కార్లున్నాయి. ఓబులేసు గల్లా పెట్టె దగ్గర లేడు, వడ్డిస్తున్నాడు. రామలక్ష్మమ్మ లిస్టు తెచ్చి నా మొహంలోకి చూసింది.

“నువ్వు ఎండాకాలంలో వచ్చిన బెంగళూరు మేడమ్ గదా? పుస్తకం చదువుకుంటా తినిపోతివే!”

“బెంగళూరు కాదక్కా. ధర్మవరం.”

“ధర్మవరమా!” లిస్టు టేబుల్ మీద పడేసి నడుము మీద చెయ్యి పెట్టుకుంది. “మరి ఆ పొద్దు ఏంటికి చెప్పలేదు? చెప్పింటే ఇంగో రొట్టె కాల్సిండేదాన్ని గదా, ఊరికే!”

రావు గారి నియమం ఎందుకు ఉందో ఏడేళ్ళ తర్వాత, ఉద్యోగం వదిలిన తర్వాత, నాకు అక్కడ అర్థమైంది.

“ఇప్పుడు కాల్చక్కా,” అన్నాను. “ఇప్పుడు తినొచ్చు.”